ఎర్ర గుడ్డ కట్టిన తలుపు

ఏ పనికైనా ఫలం ఉద్దేశాన్ని బట్టే ఉంటుందని మా మసీదులో పెద్దలు చెబుతారు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. అందులో నాకు అనుమానం లేదు. నా సందేహం వేరు. మంచి ఉద్దేశంతోనే పదిమందిమి కలిసి ఒక పని చేశాం, దానివల్ల ఒక మనిషి పస్తు పడుకుంది అనుకోండి. మా ఉద్దేశం మా ఖాతాలో పడుతుంది, సరే. ఆ పస్తు ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ ప్రశ్న ఏళ్ళుగా నాతోనే తిరుగుతోంది. ఒకసారి మసీదు పెద్దను అడగబోయాను. ఆయన నమాజుకి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆగుదాంలే అనుకున్నాను. మళ్ళీ అడగలేదు.

మేముండేది చైనాకి వాయవ్యాన లాంజౌలో, నదికి దక్షిణాన పాత క్వార్టర్లలో. ఒకప్పుడు ఉన్ని మిల్లు వాళ్ళ కోసం కట్టినవి. ఆరంతస్తులు, లిఫ్టు లేదు. అన్ని బ్లాకులూ ఒకే బూడిద రంగు, అన్ని వాటాలకీ ఒకే రకం ఇనుప తలుపు. గేటు పక్కన మాకు రొట్టెల కొట్టుంది. నేను పిండి పిసికి కాలుస్తాను, నా భార్య హైదిచె అమ్ముతుంది. తెల్లవారుజాము నమాజు కాగానే కొట్టు తీస్తే పొద్దుగూకేదాకా ఇద్దరం అక్కడే. ఇల్లు నాలుగో అంతస్తులో. మా నెత్తిన ఉన్న వాటా చాలాకాలం ఖాళీగా పడి ఉండి, ఆ ఏడు చలికాలం ముందర ముంతసిర్ అనే సూడాను కుర్రవాడికి అద్దెకు వెళ్ళింది.

అతను ఇక్కడి యూనివర్సిటీలో ఎడారి మట్టి గురించి పెద్ద చదువు చదువుతున్నాడు. ఏడాదిగా హాస్టల్లో ఉండేవాడు, శుక్రవారాలు మా మసీదుకు వచ్చేవాడు. మా భాష మాట్లాడుతుంటే చెప్పుల్లేకుండా గులకరాళ్ళ మీద నడుస్తున్నట్టుండేది. ఒక్కో మాటా తడిమి చూసుకుని వేసేవాడు. ఇల్లు తీసుకున్న రోజు కొట్టుకు వచ్చి, "అన్నా, నా భార్య వస్తోంది. కొడుకు కూడా. కొడుకుని నేనింకా చూడలేదు" అన్నాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆ అమ్మాయి ఇఖ్లాస్. టాక్సీ దిగినప్పుడు మేం కొట్టులోనే ఉన్నాం. పొడుగ్గా, సన్నగా ఉంది. భర్త కోటు భుజాల మీద వేలాడుతోంది. దాని కింద పొట్లం కట్టినట్టు బిడ్డ. మాకు కనపడింది ఉన్ని టోపీ ఒక్కటే.

"అల్లా! ఎంత చిన్న పొట్లమో చూడు. పచ్చి బాలింతను విమానం ఎక్కించాడా వీడు?" అంది హైదిచె.

బిడ్డకు అయిదో నెల నడుస్తోంది. పుట్టడమే చిన్నగా పుట్టాడట. అది మాకు తర్వాత తెలిసింది.

వాళ్ళు వచ్చిన మూడో రోజు పొద్దున్నే గేటు ముందు యూనివర్సిటీ వ్యాన్ ఆగింది. ముంతసిర్ సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి పరుగున వచ్చాడు.

"అన్నా, మిన్‌చిన్ ఎడారికి వెళ్ళాలి. ఇసుక పని. ప్రొఫెసర్ సెలవు ఒప్పుకోలేదు. రెండు రోజులు. పైన వాళ్ళు..." మాట దొరక్క గుండెల మీద చెయ్యి వేసుకుని పైకి చూపించాడు.

"వెళ్ళిరా తమ్ముడూ. మేం లేమా?" అన్నాను.

ఆ సాయంత్రమే వాళ్ళ తలుపుకు ఎర్ర గుడ్డ వేలాడింది.

మా వైపు పురుడొచ్చిన ఇంటి తలుపుకు ఎర్ర గుడ్డ కడతారు. అది కట్టి ఉన్నన్నాళ్ళూ బయటివాళ్ళు గడప తొక్కరు. తొక్కితే బాలింత పాలు వాళ్ళ పాదాలతో పాటు వెళ్ళిపోతాయని నమ్మకం. మా హుయి ముస్లిములూ పాటిస్తారు, ముస్లిములు కాని హాన్ వాళ్ళూ పాటిస్తారు. ఇది మన మతంలో లేదని మసీదు పెద్ద చాలాసార్లు చెప్పాడు. కానీ ఎర్ర గుడ్డ కనపడితే ఆయన కూడా మెట్టు మీదే ఆగిపోయి కబురు చెప్పి వెళతాడు.

ఆ గుడ్డను ముందు చూసింది గావ్ అక్క. మిల్లులో పని చేసి రిటైరైన మనిషి, కింది అంతస్తులో ఉంటుంది. రోజంతా గేటు దగ్గర చిన్న ముక్కాలి పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తూ వచ్చేపోయేవాళ్ళను తనిఖీ చేస్తుంది. పీట వదిలిపెట్టి మరీ కొట్టుకు వచ్చింది.

"త్వో తమ్ముడూ, మీ సూడాను పిల్లకి మన పద్ధతి ఎవరు నేర్పారు? తలుపుకి గుడ్డ కట్టింది!"

"వాళ్ళూ మా మతంవాళ్ళే కదక్కా. పద్ధతులుండవా?" అంది హైదిచె, తనే నేర్పినంత గర్వంగా.

"నా కోడలికి చెప్తే 'ఇవన్నీ ఏ కాలం నాటివి అత్తయ్యా' అని, నెల తిరక్కుండా జుట్టు కత్తిరించుకోడానికి పోయింది. సముద్రాలు దాటి వచ్చిన పిల్లకున్న బుద్ధి దానికి లేదు. ఇవాళ చెప్తా దాని సంగతి."

నిజం చెప్పాలంటే మాకందరికీ సంతోషం వేసింది. ముక్కూ మొహం తెలియని ఊరికి వచ్చి మనలాగే ఉండాలని చూస్తోంది పిల్ల అనుకున్నాం. ఆరో అంతస్తు వాళ్ళు అడుగుల చప్పుడు కాకుండా ఎక్కడం మొదలుపెట్టారు. మెట్ల మీద గెంతే పిల్లల చెవులు మెలిపెట్టారు. పై వాటా తలుపు దాటేటప్పుడు ఎవరైనా సరే మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు. ఒక మనిషికి అంతకన్నా మర్యాద ఎలా చేస్తాం?

మర్నాడు మధ్యాహ్నం ఇఖ్లాస్ బిడ్డను కోటులో దాచుకుని కిందికి దిగి వచ్చింది. గాలి ఈదురుగా ఉంది. ఇళ్ళు వెచ్చబెట్టే గొట్టాల్లో ఇంకా వేడినీళ్ళు వదలని రోజులు, లోపలా బయటా ఒకటే చలి. గావ్ అక్క పీట మీంచి లేచి చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది.

"ఓసి పిచ్చిదానా! నెల తిరగని ఒళ్ళు పెట్టుకుని గాలిలోకి వస్తావా? పో, పో లోపలికి!"

ఆ అమ్మాయి వీధి వైపు చూపించింది. నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"ఏంటి, నోరా? మూసుకో ముందు! చలిగాలి పళ్ళకి తగిలితే జన్మంతా పోటు. నా అవస్థ చూడు." గావ్ అక్క తన మఫ్లర్ తీసి ఆ అమ్మాయి మూతికి చుట్టి, వెనక ముడి వేసి, భుజాలు పట్టి మెట్ల వైపు తిప్పింది. "మగాడొచ్చాక తెప్పించుకో ఏం కావాలన్నా. తమ్ముడూ, నువ్వైనా చెప్పు!"

ఇఖ్లాస్ నా వైపు చూసింది. పరాయి మగాడు బాలింతను తేరిపార చూడకూడదు. నేను పెనం మీద రొట్టె తిప్పాను.

ఆ సాయంత్రం ఇంటర్నెట్ వాళ్ళ మనిషి వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. పైకెక్కి గుడ్డను చూసి, తనే దిగి వచ్చి గావ్ అక్కను అడిగాడు.

"అయిదో అంతస్తులో పురుడా అమ్మా? ఇవాళ పెట్టమని ఫోన్లో గట్టిగా చెప్పారు మరి."

"చెప్తారు నాయనా. ఇంటర్నెట్టు తాగి బతుకుతుందా చంటిది? నెల దాటాక రా."

"నేనూ అదే అనుకున్నా" అని రెండు రొట్టెలు కొనుక్కుని వెళ్ళిపోయాడు. అతనూ ఈ వైపువాడే.

మర్నాడు ఇసుక దుమారం లేచింది. ముంతసిర్ నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, వెనక గాలి హోరులో అతని గొంతు. "అన్నా, రోడ్డు మూశారు. ఎప్పుడు తీస్తారో తెలీదు. ఇంటికి ఇంటర్నెట్ కలవట్లేదు, చెప్పలేకపోతున్నా. మావాళ్ళు బాగున్నారా?"

"బాగున్నారు తమ్ముడూ. పురుగును కూడా లోపలికి పోనివ్వట్లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు" అని చెప్పి పంపాను. జవాబు రాలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. అదే నిజం.

అదేరోజు పిండి బస్తా కోసం ఇంటికి వెళుతుంటే పై మెట్టు మీద తలుపు చప్పుడైంది. ఇఖ్లాస్ గొంతు సలాం చెప్పింది. నేను గోడ వైపు తిరిగి సలాం అందుకున్నాను. ఆ అమ్మాయి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. గబగబా, బతిమాలుతున్నట్టు. అరబ్బీ. చిన్నప్పటి నుంచి రోజుకు అయిదుసార్లు నా నోట తిరిగే భాషే. అల్లాతో మాట్లాడే మాటలన్నీ మా ఇద్దరికీ వచ్చు. మంచినీళ్ళు కావాలా అని అడిగే మాట నాకు రాదు. గోడ వైపు చూస్తూనే తల ఊపి, బస్తా ఎత్తుకుని దిగిపోయాను.

ఇంటి కప్పు మీంచి బిడ్డ ఏడుపు మొదటి రోజు నుంచీ వినపడుతూనే ఉంది. గావ్ అక్కతో అంటే, "బాలింత ఇంట్లో బిడ్డ ఏడవక ముసలాడు ఏడుస్తాడా?" అంది. కానీ ఆ మర్నాడు పొద్దున కొట్టుకు బయలుదేరబోతూ హైదిచె టీ కప్పు మూత పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"మర్యం నాన్నా, విన్నావా? ఏడుపు సన్నబడింది."

"నిద్రకి ఏడుస్తున్నాడేమోలే."

"నిద్ర ఏడుపు నాకు తెలీదా? ఒక్కదాన్నే కన్నా, కన్నాను కదా."

"అయితే వెళ్ళి చూసిరా."

"నేనా? నా కాళ్ళతో పాలు పోతే?"

"అది మతంలో లేదని..."

"లేదని నాకూ తెలుసు. పోతే మాత్రం? మతంలో లేదు కాబట్టి తిరిగొస్తాయా?"

నేను మగవాణ్ణి, వెళ్ళరాదు. ఆమె వెళ్ళవచ్చు కానీ భయం. ఆ భయం నాకూ ఉంది. తండ్రికి ఫోన్ చేస్తే కలవడం లేదు. గావ్ అక్కను పిలిస్తే తలుపుకు అడ్డం పడుకుంటుంది. ఇద్దరం కప్పు వైపు చూస్తూ కూర్చున్నాం. టీ చల్లారింది. చేతులున్నాయి, కాళ్ళున్నాయి, మెట్లు చూస్తే ఒక్క అంతస్తు. అయినా కూర్చున్నాం. కొట్టుకు వెళ్ళాక కూడా రొట్టెలు రెండుసార్లు మాడ్చాను. మధ్యాహ్నం నమాజు ఇంట్లోనే చేసుకుందామని పైకి వచ్చి చాప పరిస్తే, నుదురు నేలకు ఆనించానే కానీ చెవి మాత్రం కప్పుకే అతుక్కుని ఉంది. ఏమీ వినపడలేదు. ఏడుపు ఆగిపోయింది.

కొట్టుకు వచ్చి ఆ మాట చెప్పాను. హైదిచె చేతిలోని రొట్టెను, కొనడానికి వచ్చినవాళ్ళకు ఇవ్వకుండానే బల్ల మీద పడేసింది. "పాలు పోతే ఆ పాపం నాది. పద" అంది. పిండి చేతులతోనే మెట్లెక్కింది. నేను వెనకాల వెళ్ళి అయిదో అంతస్తు మలుపులో ఆగాను.

ఆమె తలుపు మీద ఒక్కసారే తట్టింది. వెంటనే తెరుచుకుంది. ఆ అమ్మాయి తలుపును ఆనుకుని నిలబడే ఉన్నట్టుంది. లోపల్నుంచి ఇద్దరి మాటలూ కలగాపులగంగా వినపడ్డాయి. తర్వాత హైదిచె కేక.

"మర్యం నాన్నా! ఫ్లాస్కు తే! వేడినీళ్ళు! రొట్టె తే! లోపలికి రా, ఏం ఫర్వాలేదు. వీడికి పన్నొచ్చిందయ్యా! పన్నొచ్చిన బిడ్డకి పురుడేంటి!"

ఫ్లాస్కు తీసుకుని గడప దాటాను. గదిలో ఊపిరి ఆవిరై కనపడుతోంది. వంటింటి బల్ల మీద పిండి ఉంది, గుడ్లున్నాయి, బంగాళాదుంపలున్నాయి. అన్నీ పచ్చివి. స్టవ్ పక్కన కాలిపోయిన అగ్గిపుల్లలు కుప్ప. గ్యాస్ మీటరు మీద సున్నా. పాత అద్దెవాళ్ళు కార్డులో మిగిల్చిపోయిన కాసింత గ్యాసూ అయిపోతే, కార్డు తీసుకెళ్ళి మళ్ళీ నింపించాలని ఆ అమ్మాయికి ఎవరు చెప్పారు? స్టవ్ పాడైందనుకుంది. కుళాయి నీళ్ళు కాచకుండా తాగొద్దని భర్త చెప్పి వెళ్ళాడు కాబట్టి తాగీ తాగకుండా ఉంది. వెంట తెచ్చుకున్న బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఒక బంగాళాదుంప మీద పళ్ళ గాట్లున్నాయి. హైదిచె దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, కనపడకుండా గుడ్డ కింద పెట్టేసింది.

బిడ్డ దుప్పట్ల మధ్య కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. హైదిచె ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గోరువెచ్చని నీళ్ళు పోసింది. కొన్ని మింగాడు, కొన్ని కార్చాడు. రొమ్ముకు అందిస్తే రెండుసార్లు లాగి, మొహం తిప్పేసి, ఏడుపు కూడా కాని ఒక శబ్దం చేశాడు. ఇఖ్లాస్ తన గుండె మీద అరచెయ్యి వేసుకుని, తర్వాత ఆ చెయ్యి ఖాళీగా మాకు చూపించింది. హైదిచె చొక్కా చెయ్యి మాత్రం ఇంకో చేత్తో పట్టుకునే ఉంది, వదల్లేదు.

అంతలో గావ్ అక్క ఆయాసపడుతూ వచ్చి గడప బయటే ఆగింది.

"మతులు పోయాయా మీకు? గుడ్డ కనపడట్లా? మగాణ్ణి కూడా..."

ఆమె వేలు గుడ్డ వైపు ఉండటం ఇఖ్లాస్ చూసింది. లేచి వెళ్ళి తలుపు పిడికి కట్టిన ముడి విప్పింది. విప్పి తలకు కట్టుకుంది. అది ఆమె తలగుడ్డ. తర్వాత తాళంచెవి తీసుకుని గోడ మీద ఒక చోట పెట్టి తిప్పింది, తల అడ్డంగా ఊపింది. ఇంకో చోట తిప్పింది, మళ్ళీ ఊపింది. మూడోచోట ఎవరో తలుపు తీసి అరిచినట్టు తనే ముసలివాడి మొహం పెట్టి చెయ్యి విసిరింది. వెంటనే బెదిరి వెనక్కి జరిగింది. చివరికి తన తలుపు దగ్గరికి వచ్చి, తలగుడ్డ తీసి పిడికి కట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించింది. ఇదే నా ఇల్లు అన్నట్టు.

గావ్ అక్క మెట్టు మీద కూలబడింది.

"నేను దీని మూతి కట్టేసి పంపించాను" అంది. "తిండి అడగడానికి వచ్చిందాన్ని."

ఇఖ్లాస్ మా తలుపు కూడా తట్టిందట, సైగలతో చెప్పింది. మేం కొట్టులో ఉంటే ఎవరు తీస్తారు?

గావ్ అక్క కోడలి గదిలోంచి పాలపొడి డబ్బా తెచ్చింది. చెంచాతో పడితే బిడ్డ కాసిని మింగి కక్కాడు, మళ్ళీ కాసిని మింగాడు. వీధి చివరి క్లినిక్ డాక్టరమ్మ వచ్చి చూసి, "తల్లికి పెట్టండి. వీడికి మెల్లిగా పడుతూ ఉండండి. రేపటికి పాలు పడకపోతే పెద్దాసుపత్రి" అని వెళ్ళిపోయింది. రేపటిదాకా మేం చేయగలిగింది ఏముంది, చూస్తూ కూర్చోవడమే. నేను వెళ్ళి గ్యాస్ కార్డు నింపించుకుని వచ్చాను. అదొక్కటే నా చేతనైంది.

తిరిగి వచ్చేసరికి హైదిచె మా వంటింట్లో ఉంది. తనే కసాయి కొట్టుకు వెళ్ళి గొర్రె పక్కటెముకలు తెచ్చింది. అల్లం, మిరియాలు వేసి కుండ పొయ్యి మీద పెట్టింది. పండగ కాని రోజు మా ఇంట్లో పక్కటెముకలు ఉడకవు. నేను అడక్కముందే చెప్పింది.

"ఇది మొక్కు మాంసం."

మా మర్యంకి చిన్నప్పుడు తట్టు పోసి కళ్ళు తేలేసింది. అప్పుడు మేం ఇంకా పల్లెలోనే ఉన్నాం. పిల్ల లేచి తిరిగితే, ఆకలితో వచ్చిన ప్రయాణికుడికి ఒక పూట మాంసంతో కడుపునిండా పెడతానని హైదిచె అల్లాకు మాట ఇచ్చింది. పిల్ల లేచింది. పెళ్ళయి తల్లి కూడా అయింది. మొక్కు అలాగే ఉండిపోయింది. ఈ నగరానికి వచ్చేవాళ్ళు రైల్లో తినే దిగుతారు. మసీదుకు వచ్చిన పరదేశుల్ని పిలిచినా, "ఇప్పుడే తిన్నామమ్మా" అనేవాళ్ళు. ఏడాదికోసారైనా ఆ మాట గుర్తు చేసుకుని, బాకీతోనే పోతానేమో అని బాధపడేది.

"ఏడీ ఆ ఆకలిగొన్న మనిషి అని ఇన్నేళ్ళూ వీధిలోకి చూస్తూ కూర్చున్నా" అంది గరిట తిప్పుతూ. "పైకి చూడలేదు."

కుండ నేను పట్టుకెళ్ళాను. ఇఖ్లాస్ ముందు పెద్ద గిన్నె పెట్టి, రొట్టె తుంచి పులుసులో వేసింది హైదిచె. ఆ అమ్మాయి 'బిస్మిల్లా' అంది. మేమూ అన్నాం. మొదట మర్యాదకు తిన్నట్టు కొంచెం కొంచెం తింది. తర్వాత గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఎత్తింది. ఎముకలు చీకే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. గావ్ అక్క బిడ్డను ఒళ్ళో ఊపుతూ గోడ వైపు చూస్తోంది. హైదిచె మళ్ళీ గిన్నె నింపింది. అదీ అయిపోయింది.

పొద్దు వాలే వేళకు బిడ్డను మళ్ళీ రొమ్ముకు పెట్టారు. నేను బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపలి చప్పుళ్ళను బట్టే తెలుస్తోంది. పట్టాడు, వదిలేశాడు, పట్టాడు.

"వస్తున్నాయా?" గావ్ అక్క గుసగుస.

"ఆగక్కా."

"వస్తున్నాయా లేవా?"

"నువ్వు నోరు మూస్తే వినపడుతుంది."

చాలాసేపటికి ఒక గుటక వినపడింది. మెట్టు మీద నాక్కూడా వినపడింది. తర్వాత ఇంకొకటి.

హైదిచె ఖాళీ గిన్నె పట్టుకుని బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. గిన్నె అడుగున మిగిలిన రెండు చుక్కల పులుసును రొట్టె ముక్కతో తుడిచి నోట్లో వేసుకుంది.

"తీరింది" అంది. లేస్తూ, "అల్లా ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే రేపు మళ్ళీ వండుతాను" అని గిన్నె కడగడానికి కిందికి వెళ్ళింది.